ఆరో గడి

"ఉప్పు డబ్బా ఖాళీ అయిందని చెప్పరా," అన్నారు అత్తగారు.

ఉప్పు డబ్బా కోడలి మోచేతికి జానెడు దూరంలో ఉంది. ఆ మాట మాత్రం వంటింటి గడప దాటి, హాల్లో బూట్లు తుడుచుకుంటున్న కొడుకు దగ్గరికి వెళ్ళి, అక్కణ్ణించి మళ్ళీ వంటింట్లోకి రావాలి.

"ఉప్పు అయిపోయిందట," అన్నాడతను తలెత్తకుండా.

"సాయంత్రం తెస్తానని చెప్పు," అంది కోడలు.

"తెస్తుందటమ్మా."

"వినపడింది. నాకేం చెవుడు లేదు."

"ఇద్దరికీ చెవుడు లేదు. మరి మధ్యలో నాకెందుకీ పోస్టుమాను ఉద్యోగం? నా కళ్ళజోళ్ళ షాపు నాకు చాలదా?"

ఎవరూ నవ్వలేదు. కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్న మావగారు మాత్రం నవ్వబోయి, భార్య మొహం చూసి, ఆ నవ్వుని గ్లాసులోకే వదిలేశారు.

ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతం బిళ్ళ కింద ఒక తెల్ల కాగితం వేలాడుతోంది. అత్తగారి గుండ్రటి అక్షరాలు. ముప్పై ఒక్కేళ్ళుగా చేస్తున్న ల్యాబు టెక్నీషియన్ ఉద్యోగం నుంచి శుక్రవారం మీటింగుతో తప్పుకుంటున్నానని, ఇన్నాళ్ళూ ఆదరించినందుకు కృతజ్ఞతలని, నాలుగే నాలుగు వాక్యాలు. ఆ కాగితాన్ని తన సంచీలో పెట్టుకోకుండా ఫ్రిజ్‌కి అంటించడంలోనే ఉంది అసలు సంగతి. పాలు తీసినా కూరగాయలు తీసినా కోడలు దాన్ని చదివి తీరాల్సిందే.

"రిటైర్మెంటు ఇంకా రెండేళ్ళే ఉంది కదమ్మా," అన్నాడు కొడుకు.

"ఆ రెండేళ్ళూ తల దించుకుని తిరగనా? ఇన్నేళ్ళలో నా ట్యూబుకి వంక పెట్టినవాళ్ళు లేరు. బయటివాళ్ళు పెడితే ఇంత బాధ ఉండేది కాదు. పొద్దున్న నా చేత్తో పెట్టిన టిఫిన్ తిని, నా పక్కనే నడిచొచ్చి, పదిమందిలో అన్నారు."

"రెండో స్పిన్ జరిగినట్టు లేదన్నాను, అంతే. ఫలానావాళ్ళు చెయ్యలేదని అనలేదు," అంది కోడలు, ఫ్రిజ్ వైపు చూస్తూ.

"ఆ ల్యాబులో రెండో స్పిన్ చేసేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారేమో కనుక్కోరా," అన్నారు అత్తగారు.

కొడుకు కనుక్కోలేదు. బూట్లు తొడుక్కుని బతుకు జీవుడా అని బయటపడ్డాడు.

సోమవారం పదకొండు గంటలకి మొదలైంది ఈ మౌనం. ఇవాళ మంగళవారం. శుక్రవారానికి మూడు రోజులు.

గొడవ అంతా కంటికి కనిపించని వాటి గురించి. మన ఒంట్లో ప్రతి కణమూ చిన్న చిన్న సంచులను బయటికి వదులుతూ ఉంటుంది, లోపల ఏదో కబురు పెట్టి మూతి కట్టి పంపినట్టు. పుస్తకాల్లో వాటి పేరు వెసికిల్స్. ఇంట్లో మాత్రం బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మావగారు పెట్టిన పేరే ఖాయమైపోయింది: పార్సిళ్ళు. కిడ్నీ జబ్బు వచ్చేవాళ్ళ రక్తంలో ఈ పార్సిళ్ళు ఎక్కువవుతాయేమో, లెక్కపెడితే జబ్బుని ముందే పసిగట్టొచ్చేమో అన్నది కోడలి పరిశోధన.

తీరా లెక్కపెట్టేసరికి కథ తలకిందులైంది. జబ్బు ఉన్నవాళ్ళకంటే, పోల్చి చూడ్డానికి పిలిచిన ఏ జబ్బూ లేని పద్దెనిమిది మంది రక్తంలోనే పార్సిళ్ళు రెట్టింపు ఉన్నాయి.

రక్తం తీసే పని అత్తగారిది. దాన్ని సెంట్రిఫ్యూజ్‌లో ఒకసారి తిప్పితే ఎర్ర కణాలు అడుక్కి పోతాయి. పైన తేరిన ప్లాస్మాను వేరే ట్యూబులోకి తీసి, ఇంకా జోరుగా రెండోసారి తిప్పితే, మిగిలిన ప్లేట్‌లెట్లు కూడా దిగిపోతాయి. అప్పుడు డీప్ ఫ్రీజర్లో మంచులా గడ్డకట్టించి దాచాలి. ఆ రెండో తిప్పుడు ఎగ్గొడితే ప్లేట్‌లెట్లు ప్లాస్మాలోనే ఉండిపోయి, గడ్డకట్టి కరిగేటప్పుడు పగిలి, వేలకి వేలు దొంగ పార్సిళ్ళయి కూర్చుంటాయి. ఆ ప్లాస్మాని కరిగించి పార్సిళ్ళను విడదీసి లెక్కపెట్టే పని కోడలిది. లెక్క ఎందుకు తప్పిందని సోమవారం మీటింగులో ల్యాబు నడిపే పెద్దసారు అడిగితే, ఆమెకి వెంటనే తట్టిన జవాబు రెండో స్పిన్.

పైగా దానికో సాక్ష్యం కూడా చూపించింది. పద్దెనిమిది మందిలో నలుగురి లెక్క మాత్రం తక్కువగా, ఉండాల్సినట్టే ఉంది. వాళ్ళందరి రక్తం తీసింది గురువారాల్లో; ఈ నలుగురూ ఒకే గురువారం వచ్చినవాళ్ళు. "ఆ ఒక్క రోజే పద్ధతి ప్రకారం జరిగినట్టుంది సార్," అంది.

ఆ మాట అంటున్నప్పుడు ఎంత తెలివిగా అనిపించిందో, ఇప్పుడు తలుచుకుంటే అంత సిగ్గుగా ఉంది. కానీ సిగ్గుపడినంత మాత్రాన లెక్క మారదు కదా.

*

అనుమానం తీరాలంటే ఒక పరీక్ష చెయ్యాలి. ప్లేట్‌లెట్ల మీద ఒక ప్రోటీను ఉంటుంది. దాన్ని పట్టే పరీక్షలో, ప్లాస్మాలో ప్లేట్‌లెట్లు మిగిలిపోయి ఉంటే నల్లటి గీత పడుతుంది. పోల్చి చూడ్డానికి కావాలని రెండో స్పిన్ ఎగ్గొట్టిన ట్యూబు ఒకటి కావాలి. దానికి రక్తం కావాలి. కోడలు తన రక్తమే ఇద్దామనుకుంది.

ఇద్దామనుకుంది కానీ, ఆ ల్యాబులో సూది పట్టేది ఒక్కరే.

అత్తగారు కళ్ళద్దాలు సర్దుకుని, కుర్చీ పక్కన నిలబడి, ట్యూబుల స్టాండుతో అన్నారు: "చెయ్యి చాపమను."

కోడలు చెయ్యి చాపింది.

"గుప్పిట బిగించమను."

బిగించింది. రబ్బరు పట్టీ కట్టి, రెండు వేళ్ళతో నరం వెతికి, సూది గుచ్చారు. గుచ్చినట్టే తెలియలేదు. ల్యాబులో అందరూ ఆమెని పెద్దక్క అని పిలిచేది వయసు చూసి కాదు, ఆ చేతిని చూసి. ఎంత కోపంలో ఉన్నా ఆ చేతికి మాత్రం కోపం తెలియదు.

"ఈ ట్యూబు ఒక్కసారే తిప్పండి అత్తయ్యా. రెండోసారి వద్దు," అంది కోడలు మెల్లగా.

అత్తగారి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఎందుకు అడుగుతోందో ఆవిడకి అర్థమైపోయింది. దూది పెట్టి నొక్కి, ట్యూబు మీద చీటీ అంటించి, దాని మీద రాశారు: "ఒక్క స్పిన్. అడిగారు కనక."

*

బుధవారం మధ్యాహ్నానికి ఫలితం వచ్చింది.

కోడలి రక్తం దగ్గర గీత కాటుకలా నల్లగా ఉంది. ఆ పద్దెనిమిది మందివీ వరసగా చూసింది. కనిపించీ కనిపించని పలుచటి నీడ, అంతే. రోగుల ట్యూబుల్లోనూ అంతే. లెక్క తక్కువ వచ్చిన ఆ నలుగురికీ, లెక్క రెట్టింపు వచ్చిన పద్నాలుగురికీ తేడా లేదు.

రెండో స్పిన్ జరిగింది. ప్రతి గురువారమూ, ప్రతి ట్యూబుకీ జరిగింది.

పరుగెత్తికెళ్ళి అత్తగారి కాళ్ళ మీద పడదామా అనిపించింది. పడితే ఏం చెప్పాలి? తప్పు మీది కాదని తెలిసింది, ఎవరిదో తెలియలేదు అనా? పెద్దసారు అడిగేది కూడా అదే. కారణం చెప్పకుండా మాట వెనక్కి తీసుకుంటే, ఇంటిమనిషిని కాపాడుకుంటోంది అంటారు.

నిజం చెప్పాలంటే, సిగ్గు కింద ఇంకోటి తొలుస్తోంది ఆమెని. పుట్టింట్లో ఆమెకి సందేహాల పుట్ట అని పేరు. ప్లేట్‌లెట్లు కాకపోతే మరి అవేమిటి? లెక్కపెట్టే మిషన్లో, లేజరు వెలుగులో తెర మీద గంతులేస్తున్న ఆ చుక్కలన్నీ ఎవరు? ఎక్కణ్ణించి వచ్చాయి?

పార్సిళ్ళని విడదీయడానికి ఆమె వాడేది ఒక గాజు గొట్టం, దాన్నిండా సన్నటి పూసలు. ప్లాస్మా పోస్తే పెద్దవి ముందు బయటికొస్తాయి, చిన్నవి పూసల సందుల్లో తిరిగి తిరిగి ఆలస్యంగా వస్తాయి. ఇంకో దారి కూడా ఉంది. చక్కెర ద్రావణాన్ని చిక్కగా, కాస్త పలుచగా, ఇంకా పలుచగా పొరలు పొరలుగా ఒక ట్యూబులో పోసి, పైన ప్లాస్మా వేసి, పెద్ద సెంట్రిఫ్యూజ్‌లో రాత్రంతా తిరగనిస్తే, ఏ సరుకు బరువుకి తగ్గ పొరలో అది ఆగిపోతుంది. ఇంటికి బయల్దేరేముందు రెండు ట్యూబులు అలా పెట్టింది. ఒకటి రెట్టింపు లెక్క వచ్చిన ఐదో నంబరుది, ఒకటి ఒక రోగిది.

భోజనాల దగ్గర మావగారు ఉండబట్టలేక అడిగారు. "రెండు దారులన్నావు. తేడా ఏమిటమ్మాయ్?"

"గొట్టం సైజు చూస్తుంది మావయ్యా. చక్కెర పొరలు సైజు చూడవు, ఎంత బరువుగా ఉందో ఎంత తేలిగ్గా ఉందో చూస్తాయి."

"ఓహో. మా కండక్టరు ఎత్తు చూసి అర టికెట్టు కొట్టేవాడు. ఒకసారి పొట్టిగా ఉన్న హెడ్‌మాస్టరుగారికి కొట్టాడు. ఆయన బస్సు ఆపించేశాడు."

కొడుకు పకపకా నవ్వాడు. కోడలికీ నవ్వొచ్చింది. ఎత్తు చూసి మనిషిని పోల్చుకోకూడదు. సైజు చూసి పార్సిల్ అనుకోకూడదు. తన గొట్టం పొట్టి హెడ్‌మాస్టర్లకి అర టికెట్లు కొడుతోందేమో!

అత్తగారు మజ్జిగ గ్లాసు కింద పెట్టి, కొడుకుతో అన్నారు. "మిషన్లని అడుగుతారురా. గొట్టాలని అడుగుతారు. మనుషుల్నే అడగరు."

ఆ మాట ఎవరికీ అందలేదు. కోడలి ఆలోచన అప్పటికే తిరుగుతున్న ట్యూబుల దగ్గర ఉంది.

*

గురువారం పొద్దున్న సెంట్రిఫ్యూజ్ మూత తెరిచి, రెండు ట్యూబుల్నీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది.

రోగి ట్యూబు తేటగా ఉంది. మధ్యలో ఎక్కడో చిన్న మసక, అవే అసలు పార్సిళ్ళు.

ఐదో నంబరు ట్యూబులోనూ సరిగ్గా అక్కడే, అంతే మసక. కానీ పైన, ద్రావణం అంచున, తెల్లటి ఉంగరం ఒకటి తేలుతోంది.

కొవ్వు.

తిన్న తర్వాత కొన్ని గంటలకి రక్తంలో కొవ్వు సన్నటి గుండ్లుగా తిరుగుతుంది. ఆ గుండ్లలో చాలావాటిదీ పార్సిళ్ళదీ సైజు ఒకటే. గొట్టానికి తేడా తెలియదు. లేజరుకి అసలే తెలియదు. అందుకే కదా ఖాళీ కడుపుతో రమ్మని రాసి మరీ పంపారు! ఏమీ తినలేదని పద్దెనిమిది మందీ సంతకాలు కూడా పెట్టారు. రోగులంటే పై అంతస్తులో నర్సుల కాపలాలో ఉంటారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు బయటినుంచి వచ్చినవాళ్ళు. అందరూ కలిసి అబద్ధం ఆడారా?

ఐదో నంబరు ఒక్కటేనా, మిగతావీ ఇంతేనా? అన్నీ కరిగించి చూస్తే మిగిలిన కాస్త ప్లాస్మా అయిపోతుంది. అప్పుడు గుర్తొచ్చింది అత్తగారి పుస్తకం.

సెంట్రిఫ్యూజ్ పక్క అలమరలో, నీలం అట్టతో, మూలలు నలిగిన పుస్తకం. ట్యూబు ట్యూబుకీ ఒక వరస, వరసకి ఆరు గడులు. నంబరు, తేదీ, టైము, ట్యూబు రకం, కొలత. ఈ ఐదూ కోడలు ఏనాడో కంప్యూటర్లోకి ఎక్కించేసుకుంది. ఆరో గడి పైన అత్తగారు తనకోసం పెట్టుకున్న పేరు "చూపు". కంప్యూటర్లో అలాంటి గడి లేదు కాబట్టి కోడలు దాని జోలికి పోలేదు.

ఇప్పుడు పోయింది. "గడ్డిరంగు, తేట." "తేట." ఇవి రోగులవి. పేజీ తిప్పింది. ఒకటో నంబరు: "పాలు కలిపినట్టుంది." రెండు: "పాలు." మూడు: "పాలు. తిన్నారా అని అడిగాను, లేదన్నారు." ఐదు: "చిక్కటి పాలు! మళ్ళీ అడిగాను. ఒట్టేసి లేదన్నారు."

పద్నాలుగు వరసల్లో పాలు. నాలుగు వరసల్లో తేట. ఆ నాలుగూ ఆ ఒకే ఒక్క గురువారానివి.

కోడలు అక్కడే స్టూలు మీద కూలబడింది. ఎప్పుడో ఒక సాయంత్రం ఉల్లిపాయలు తరుగుతూ అత్తగారు అన్నారు, ఈ మధ్య ప్లాస్మా పాలు కలిపినట్టు ఉంటోందే అని. తను ఫోన్లోంచి తల ఎత్తకుండా, "గొట్టంలో పోతుందిలెండి అత్తయ్యా," అంది. పోలేదు. అదే గొట్టంలోంచి వచ్చి, అదే లెక్కలోకి ఎక్కి, చివరికి ఆవిడ నెత్తినే పడింది.

*

ఆ గురువారం ఏం జరిగింది? ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా వంటింటి గోడ మీద, ఇంట్లో విశేషాలన్నీ రాసుకునే క్యాలెండరు దగ్గరికి వెళ్ళింది. మూడు నెలలు వెనక్కి తిప్పింది. ఆ తేదీ కింద మావగారి వంకర అక్షరాలు: "పన్ను".

మావగారు కిటికీ దగ్గర పేపరు చదువుకుంటున్నారు. అత్తగారు ఇంకా రాలేదు.

"మావయ్యా, మీరు పన్ను పీకించుకున్న రోజు అత్తయ్య ల్యాబుకి ఎలా వెళ్ళారు?"

"బస్సులో. నేను మంచం దిగలేదుగా. ఆ డాక్టరు పీకింది పన్నా ప్రాణమా అనిపించింది."

"మిగతా గురువారాలో?"

"నేనే స్కూటరు మీద దింపేవాణ్ణి. ఆరున్నరకల్లా అక్కడుండాలి కదా మీ అత్తయ్య."

"దింపి వచ్చేసేవారా?"

మావగారు పేపరు ఒక పేజీ తిప్పారు. "కాసేపు కూర్చునేవాణ్ణి. కారిడార్లో బెంచీ ఉంది కదా."

"ఆ బెంచీ మీద ఇంకెవరు కూర్చునేవారు మావయ్యా?"

కోడలు ఫోన్లో పొద్దున్న తీసిన ఫొటో చూపించింది. ట్యూబు, పైన తెల్లటి ఉంగరం. మావగారు కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసి, ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూశారు.

"ఏమిటిది, వెన్నా?" అన్నారు.

అనేసి ఆగిపోయారు. పేపరు ఒళ్ళోంచి జారింది.

"నేను వెన్న అనలేదు మావయ్యా," అంది కోడలు.

"పాపం ఆరున్నరకే వచ్చేవారమ్మా," అన్నారాయన. "ల్యాబు డాక్టరొచ్చి కాగితాలు చూసి, మీ అత్తయ్య సూది పట్టేసరికి తొమ్మిదిన్నర దాటేది. మొహాలు పీక్కుపోయి ఉండేవి. ఖాళీ కడుపుతో రక్తం ఎలా ఇస్తారు ఎవరైనా? కళ్ళు తిరిగి పడిపోరూ? అందుకని నాలుగు బ్రెడ్డు ముక్కలు, కాస్త వెన్న ఎక్కువే రాసి... ఫ్లాస్కులో పాలు."

"అత్తయ్య అడిగితే తినలేదని చెప్పమన్నారా?"

"కోప్పడుతుందని చెప్పాను. ఆవిడ కోపం నీకు తెలుసుగా. వాళ్ళూ నవ్వి సరేనన్నారు."

కోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "సోమవారం నుంచీ ఇల్లు ఇల్లులా లేదు. ఒక్క ముక్క చెప్పొచ్చు కదా మావయ్యా!"

"మీరంతా స్పిన్ను, స్పిన్ను అంటున్నారు. బ్రెడ్డు అని ఎవరన్నా అన్నారా?" ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆవిడ ఉద్యోగం నేనే పోగొట్టానా అమ్మాయ్?"

గేటు చప్పుడైంది. అత్తగారు వచ్చారు, వెనకే కొడుకు. కోడలు ఎదురెళ్ళింది. "అత్తయ్యా, మీతో మాట్లాడాలి. రెండో స్పిన్..."

అత్తగారు చెయ్యెత్తి ఆపారు. "పదిమందిలో అన్నది పదిమందిలోనే అనమనరా. వంటింట్లో వినే రోజు అయిపోయింది." చేతి సంచీ దించి, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు.

సంగతంతా విని కొడుకు తల పట్టుకున్నాడు. "నాన్న పేరు చెప్తే, మీ ఆయన్ని కారిడార్లో ఎందుకు కూర్చోనిచ్చారని మళ్ళీ అమ్మనే అంటారు. చెప్పకపోతే ఎలాగూ అమ్మ వెళ్ళిపోతుంది. ఏం చేస్తావ్?"

"నిజం చెప్తాను."

"ఎవరిది?"

"ముందు నాది," అంది కోడలు.

*

శుక్రవారం పొద్దున్న ఫ్రిజ్ మీద అయస్కాంతం బిళ్ళ ఒక్కటే ఉంది.

పదింటికి మీటింగు గదిలో ఆ ఉత్తరం పెద్దసారు ముందు బల్ల మీద, విప్పకుండా, ఆయన కళ్ళజోడు కింద ఉంది. చుట్టూ తొమ్మిది మంది. అత్తగారు చివరి కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని, గోడ గడియారం చూస్తున్నారు.

"రెండో స్పిన్ సంగతి తేలిందా?" అన్నారు పెద్దసారు.

"తేలింది సార్. ప్రతి ట్యూబుకీ రెండో స్పిన్ జరిగింది. సోమవారం నేనన్న మాట తప్పు."

గీతల ఫొటో చూపించింది. తన రక్తం ఎక్కడో, మిగతావి ఎక్కడో చెప్పింది. తెల్ల ఉంగరం చూపించింది. ఆ తర్వాత నీలం అట్ట పుస్తకం తెరిచి, ఆరో గడి పైకి చదివింది. పాలు. పాలు. పాలు. చిక్కటి పాలు, మళ్ళీ అడిగాను.

"ఈ పుస్తకం ఇన్నాళ్ళూ ఎక్కడుంది?" అని అడిగారు పెద్దసారు.

"నా టేబులుకి ఆరడుగుల దూరంలో సార్."

"ఎవరూ తెరిచి చూడలేదా?"

"నేనే చూశాను. ఐదు గడులు ఎక్కించుకుని ఆరోది వదిలేశాను. ఈ గడి చూసి ఉంటే మొదటి గురువారమే తెలిసిపోయేది."

"సరే. పద్నాలుగు మంది తిని వచ్చి లేదని చెప్పారు. ఎందుకు?"

కోడలు గొంతు సవరించుకుంది. ఈలోపు తలుపు మీద చప్పుడైంది. మావగారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫ్లాస్కు, బ్రెడ్డు సంచీ. సాక్ష్యానికి తెచ్చినట్టున్నారు.

"పెట్టింది నేనండి," అన్నారు గుమ్మంలోంచే. "చెప్పొద్దన్నదీ నేనే. మా ఆవిడకి తెలియదు. అమ్మాయికీ నిన్నటిదాకా తెలియదు."

"మీరా!" అన్నారు అత్తగారు. ఆ ఒక్క మాటలో ముప్పై ఏళ్ళ కాపురం వినపడింది. మావగారు ఫ్లాస్కు గుండెలకి హత్తుకుని కుక్కిన పేనులా నిలబడ్డారు.

పెద్దసారు మొహం తిప్పుకుని నవ్వాపుకున్నారు. కళ్ళజోడు తీసి, కింద ఉన్న ఉత్తరాన్ని వేలితో ముందుకి జరిపారు. "పెద్దక్కా, ఇక దీనితో పనిలేదు. వెనక్కి తీసుకోండి."

"ఉండండి సార్."

అత్తగారు లేచారు. బల్ల చుట్టూ నడిచి వచ్చి కోడలి ఎదురుగా నిలబడ్డారు. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి, మధ్యలో కొడుకు లేకుండా, ట్యూబుల స్టాండు లేకుండా, సూటిగా కళ్ళలోకి చూశారు.

"ఒక్క మాట అడుగుతానమ్మా, చెప్పు. గీతల్ని అడిగావు. చక్కెర నీళ్ళని అడిగావు. ఆఖరికి క్యాలెండరుని కూడా అడిగావట. రోజూ ఒకే కత్తిపీట దగ్గర కూర్చుంటాం. లెక్క తేడా వచ్చిందత్తయ్యా, మీకేమైనా తెలుసా అని నన్నెందుకు అడగలేదు?"

మర్చిపోయాననొచ్చు. భయమేసిందనొచ్చు. రెండూ నోటి దాకా వచ్చాయి, రెండూ అబద్ధాలే. తొమ్మిది మంది చూస్తున్నారు. గుమ్మంలో మావగారు చూస్తున్నారు.

"మీకు తెలిసి ఉంటుందని నాకు తోచలేదు అత్తయ్యా," అంది.

అన్నాక ఆ మాట ఎంత దారుణంగా ఉందో ఆమెకే వినపడింది. కళ్ళు నిండిపోయాయి. తల మాత్రం దించుకోలేదు.

అత్తగారు చాలాసేపు ఆ మొహంలోకే చూశారు, ట్యూబుని వెలుతురుకి పట్టుకుని తేటగా ఉందో లేదో చూసినట్టు.

"ఇది నిజం," అన్నారు చివరికి.

బల్ల వైపు తిరిగి, ఉత్తరం మీద చెయ్యి వేశారు. పెద్దసారు వైపు తొయ్యలేదు. తన వైపు లాక్కోలేదు. రక్తం తీసేటప్పుడు నరం కోసం వెతికే ఆ రెండు వేళ్ళూ కాగితం మీద అలాగే ఆగి ఉన్నాయి.